పానగల్ పార్కు దీపాలు, పిళ్ళైయార్‌పాళయం మగ్గం

దీపావళికి ఇంకా పది దినాలున్నది. సాయంకాలం ఆరు గంటల వేళ మద్రాసు త్యాగరాయ నగరంలో పానగల్ పార్కు మూలన మేము నలుగురం నిలబడి ఉన్నాము. మా వారు, పెండ్లి కుదిరిన మా చిన్నమ్మాయి, 82 ఏండ్ల మా అత్తగారు, ఈ నాలుగు ముక్కలు వ్రాస్తున్న మేము. (ఊరి పేరు 1996లో చెన్నై అయినది. అయినా మన ఇండ్లలో మద్రాసు అనే మాట పోలేదు. మా అత్తగారికైతే అది ఇప్పటికీ చెన్నపట్నమే.)

ఏమి వెలుగు! ఏమి జనం! ఏడెనిమిది అంతస్తుల జౌళి అంగళ్ళకు పై నుంచి క్రింది దాకా దీపాల తోరణాలు జలపాతాల్లాగ దిగుతున్నాయి. ఒకచోట దీపాలతోనే నెమలి పురి విప్పుతున్నది. రెండవచోట అవే దీపాలు చక్రాలై తిరుగుతున్నాయి. గాజు అద్దాల వెనుక నిలువెత్తు బొమ్మలు పట్టుచీరలు కట్టుకొని, వడ్డాణాలు పెట్టుకొని, మన వంక చూచీ చూడనట్లు చూస్తున్నాయి. రోడ్డు మీద పోలీసువారు కర్రలతో ఎత్తైన మంచె కట్టి పై నుంచి చూస్తున్నారు. "నగలు భద్రం, పిల్లల చేయి వదలవద్దు" అని మైకులో ఎడతెరపి లేకుండా చెబుతున్నారు. ఆ మాటల మధ్యనే మల్లెపూలు మూర ఇంత అని ఒకామె, మొక్కజొన్న పొత్తులు అని ఒకడు, జేబురుమాళ్ళు అని ఇంకొకడు.

మా అత్తగారు కాసేపు అంతా చూచి, "ఇంత దీపం పెట్టి చూపిస్తున్నారు గదా, చీర తిరగేసి చూడనిస్తారా?" అన్నది.

ఆ మాట మాకు నవ్వు పుట్టించలేదు. ఎందుకో ముందు ముందు చెబుతాము.

ఈ వీధుల పేర్లు

ఈ బజారుకు వచ్చే లక్షలాది జనంలో దీనికి ఈ పేర్లు ఎలా వచ్చినవో తలచేవారు అరుదు. ఇక్కడ ఒకప్పుడు మాంబళం చెరువు ఉండేది. 1920ల నడుమ ఆ చెరువును పూడ్చి ఇండ్ల స్థలాలు వేశారు. అప్పుడు రాజ్యం జస్టిస్ పార్టీది. అందుచేత వీధులకు ఆ పార్టీ పెద్దల పేర్లే పెట్టారు. నగరం మొత్తానికి పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేరు. పార్కుకు పానగల్ రాజావారి పేరు. ఆయన పానగంటి రామరాయణింగారు. 1921 నుంచి 1926 దాకా మద్రాసు రాజధానికి ముఖ్యమంత్రి. ఇప్పటికీ ఆయన విగ్రహం పార్కులో ఉన్నది. జి.ఎన్. చెట్టి రోడ్డు, డాక్టర్ నాయర్ రోడ్డు, నటేశన్ పార్కు – అన్నీ ఆ కాలపు పేర్లే.

ఇందులో మనకు ముచ్చట కలిగించే సంగతి ఒకటి ఉన్నది. 1852లో పుట్టి 1925లో గతించిన త్యాగరాయ చెట్టిగారు తెలుగు మాటలాడే దేవాంగ కుటుంబీకులు. నేతనూ, నేతగుడ్డ వ్యాపారాన్నీ ఎరిగిన ఇంటి బిడ్డ. 1920లో ముఖ్యమంత్రి పదవి కాళ్ళ దగ్గరకు వస్తే వద్దని, ఇంకొకరికి ఇప్పించిన పెద్దమనిషి. ఎప్పుడూ తెల్లని దుస్తులే ధరించేవారు గనుక తమిళులు ఆయనను 'వెళ్ళుడై వేందర్' అని, అనగా తెల్లబట్టల రాజు అని, నేటికీ అంటారు. ఆ తెల్లబట్టల మనిషి పేరు ఈ రంగురంగుల పట్టు బజారుకు దక్కినది!

ఇంకా వెనుకకు పోతే, మద్రాసు అనే ఊరు పుట్టినదే గుడ్డ కోసం. 1639లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే దామెర్ల నాయకుల వద్ద ఈ ఇసుకతీరం సంపాదించాడు. ఇక్కడ మంచి ఓడరేవా లేదు. ఈ ప్రాంతంలో నేతగుడ్డ మేలైనదనీ, మిగిలిన చోట్లకన్న ఐదవ వంతు చవక అనీ అతడు పైవారికి వ్రాసుకున్నాడు. ఆ నాయకుల తండ్రి చెన్నప్ప పేరనే చెన్నపట్నం వెలసినది. కంపెనీవారికి నేతగాండ్రు కావలసివచ్చి 1734లో ప్రత్యేకంగా ఒక పేట కట్టించారు. అదే చింతాద్రిపేట. 'చిన్న తరి పేట' అన్నది అలా మారినదంటారు. తరి అంటే తమిళంలో మగ్గం.

మగ్గం పోయిన చోటికల్లా మన తెలుగూ పోయినది. కంచిలో పద్మశాలీలు, దేవాంగులు విజయనగర రాజుల కాలంలో వచ్చి నిలిచారని పెద్దలు చెప్పుకుంటారు. ఒడిశాలోని బరంపురం పట్టు నేసేవారిలో తెలుగువారే ఎక్కువ. షోలాపురం దుప్పట్లు నేసిన చేతులు తెలంగాణం నుంచి వెళ్ళిన పద్మశాలీలవి. ఈ పత్రిక చదువుతున్న ఎన్నో ఇండ్లలో తాతో ముత్తాతో మగ్గం గుంటలో కూర్చున్నవాడే అయి ఉంటాడు. మన ఇండ్లలో చీరను ఇంకా 'కోక' అనే ఆడవారు ఉన్నారు. ఆంధ్రదేశంలోని చుట్టాలు ఆ మాట విని నవ్వుతారు గానీ, పాతమాటను పోగొట్టుకోనివారము మనమే!

గాజు వెనుక

ఇక అంగళ్ళ సంగతి. ఈ బజారులో పాత పేర్లు కొన్ని ఉన్నాయి. నల్లివారి వ్యాపారం 1928లో మొదలైనది. ఆర్.ఎం.కె.వి. వారిది 1924లో తిరునెల్వేలిలో పుట్టిన అంగడి. తరువాత తరువాత వచ్చినవి ఎన్నో. ఒక్కొక్క భవనంలో క్రింద నూలు, పైన పట్టు, ఆ పైన మగపిల్లల బట్టలు, ఇంకా పైకి పోతే గిన్నెలు, బంగారం, తినుబండారం – సంసారం అంతా ఒకే కప్పు క్రింద కొనవచ్చు. రాయపేటలో 2010లోనూ, వేలచేరిలో 2013లోనూ వెలసిన పెద్ద మాల్‌లలో విదేశపు పేర్ల అంగళ్ళు కూడా ఉన్నాయి. అక్కడ చల్లగా ఉంటుంది. జనం మెల్లగా మాటలాడతారు. కాని పండుగ సందడి చూడాలంటే ఉస్మాన్ రోడ్డుకే రావాలి.

రావడం కూడా మునుపటికన్న సులువే. 2019లో పాండిబజారు కాలిబాటలను వెడల్పు చేసి తీర్చిదిద్దారు. 2023 మే నెలలో మాంబళం స్టేషన్ నుంచి బస్సుల చోటు దాకా ఆకాశమార్గం తెరిచారు. మా అత్తగారు ఆ ఎత్తు వంతెన మీద మెల్లగా నడిచి వచ్చింది. క్రింద రంగనాథన్ వీధిలో తలలు తప్ప నేల కనిపించకపోవడం చూచి, "బియ్యం ఆరబోసినట్లున్నారే!" అని ఆశ్చర్యపోయింది.

ఈ అంగళ్ళవారు చూపులో ఒకరిని మించి ఒకరు పోతారు. నవరాత్రికి ఇంతెత్తు మెట్లు కట్టి బొమ్మల కొలువు పెడతారు. ఆషాఢంలో – ఇక్కడివారు ఆడి మాసం అంటారు – పెండ్లిళ్ళు లేని నెల గదా అని తగ్గింపు ధరలు వేస్తారు. దీపావళికి దీపాలు సరే సరి. 2008 జనవరిలో ఇక్కడి ఒక పెద్ద అంగడివారు రవివర్మ చిత్రాలు పదకొండు నేయించిన పట్టుచీరను 39 లక్షల పైచిలుకు రూపాయలకు అమ్మి, ప్రపంచంలోకెల్ల ఖరీదైన పట్టుచీర అని గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కించారు. అటువంటివి కట్టడానికి కావు, మాట్లాడుకోవడానికి! అయితే ఒక్క సంగతి ఒప్పుకోవాలి. రవివర్మ బొమ్మలోని స్త్రీల ముఖాలు మగ్గం మీదకు దించిన చేయి ఎవరిదోగాని, దానికి నమస్కరించవచ్చు.

లోపలికి వెళ్ళాము. "వాంగమ్మా, వాంగ" అని పిలిచిన కుర్రవాడు మా మాటలు విని వెంటనే తెలుగులోకి దిగాడు. తెల్లని పరుపు మీద మమ్మల్ని కూర్చోబెట్టి చీర వెంట చీర పరిచాడు. అరటిపండు పసుపు, మామిడి చిగురు, నెమలికంఠం, ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి పేరిట వచ్చిన ఆ నీలం. పరుపు మీద పూలతోట వేసినట్లయింది. మా అమ్మాయి కళ్ళు ఒకచోట నిలవలేదు. పైనుంచి పడుతున్న దీపకాంతిలో ఏ చీరైనా బంగారమే.

అప్పుడు మేము అడిగాము: "ఈ జరీ ఏమి జరీ? బిల్లు మీద వ్రాసి ఇస్తారా?"

నిరుడు జరిగినది

ఇలా అడగడం మేము నష్టపడి నేర్చుకున్నది. పాఠక సోదరీమణులకు ఉపయోగపడుతుందని, సిగ్గు విడిచి చెబుతున్నాము.

నిరుడు మా పెద్దమ్మాయి పెండ్లికి ముహూర్తపు చీర ఇలాంటి దీపాల మధ్యనే కొన్నాము. ఏ అంగడి అన్నది అనవసరం. ధర పెద్దది. అసలైన కంచిపట్టు, అసలు జరీ అని నోటితో చెప్పారు. మేము నమ్మాము. అత్తగారికి అప్పుడు కంటికి శస్త్రచికిత్స అయి ఉండటంచేత ఆమె రాలేదు. పెండ్లిలో అందరూ చీర బాగున్నదన్నారు. ఆమె మాత్రం అంచును వేళ్ళతో నలిపి చూచి, మాటాడకుండా ఊరుకున్నది. పెండ్లి పందిట్లో ఏమని చెబుతుంది పాపం!

ఆరు నెలలు తిరగకముందే జరీ నల్లబడినది. మడతల దగ్గర పోగులు పైకి లేచినవి. పాత పట్టుచీరలు కొనేవాడు వీధిలోకి వస్తే చూపించాము. అతడు గీటురాయి మీద జరీపోగు గీచి, "ఇందులో వెండి లేదమ్మా, రాగికి పూత" అన్నాడు. అంగడికి తీసుకొని పోయాము. వారు మర్యాదగానే మాటాడారు. బిల్లు చూపించారు. బిల్లు మీద 'సిల్కు చీర' అని మాత్రమే ఉన్నది. జరీ మాట లేదు. చేనేత మాట లేదు. మేము చేయగలిగినది ఏమీ లేకపోయినది.

డబ్బు పోవడం ఒక బాధ. దానికన్న పెద్దమ్మాయి అన్న మాట మాకు ఎక్కువ బాధ కలిగించినది. "అమ్మా, ఆ చీర సంగతి మా అత్తగారింట్లో చెప్పకండి" అన్నది.

ఇందుకు పోలికగా మరొకటి చెప్పాలి. మా అత్తగారికి 1961లో పెండ్లి అయినది. ఆనాటి ముహూర్తపు కోక ఆమె తండ్రి స్వయంగా నేసినది. 1978లో మా వారికి కాలేజీ జీతం కట్టవలసివచ్చినప్పుడు ఇంట్లో చిల్లిగవ్వ లేదు. ఆ కోకను పాత జరీ కొనేవాడికి ఇచ్చారు. అతడు దానిని కాల్చి వెండి తీసి, తూకం వేసి, ఆ వెండికి ధర కట్టి ఇచ్చాడు. రెండు సంవత్సరాల జీతం అయినదట. తండ్రి నేసిన కోక బూడిద కావడం ఆమె వాకిట్లో నిలబడి చూచింది. "ఏడవలేదా అత్తయ్యా?" అని మేము ఒకసారి అడిగాము. "ఏడ్చినాను. కాని మా నాయన నన్ను మోసం చేయలేదు గదా అనుకున్నాను" అన్నది.

పట్టుచీర అంటే ఆడదానికి అలంకారం ఒక్కటే కాదు. కష్టకాలానికి దాచుకున్న సొమ్ము. ఆనాటి తల్లులకు ఇది తెలుసు. కనుకనే వారు మెరుపు చూచి కొనలేదు. బరువు చూచి, వెనుక ప్రక్క చూచి కొన్నారు.

మగ్గం గుంట ప్రక్కన

ఈసారి చిన్నమ్మాయి వంతు. త్యాగరాయ నగరంలో ఆ సాయంకాలం మేము ఏమీ కొనలేదు. రెండు దినాల తరువాత ఆదివారంనాడు కంచికి బయలుదేరాము. మద్రాసుకు 70 కిలోమీటర్లు పైమాటే. మా అత్తగారి పుట్టినిల్లు అక్కడి పిళ్ళైయార్‌పాళయం. అన్నగారి కొడుకు ఒకడు ఇంకా మగ్గం వదలలేదు.

ఇల్లు చిన్నది. ముందు గదిలో సగం మగ్గమే. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకొని అతడు నేస్తున్నాడు. ప్రక్కన భార్య కూర్చొని మూడవ నాడె వేస్తున్నది. మమ్మల్ని చూచి లేవబోతే అత్తగారు వద్దన్నది. మగ్గం ఆపకుండానే మాటలాడుకున్నారు.

"బాగుండావా అత్తా? కన్ను బాగయిందా?"

"కనబడుతుందిరా. నీ మగ్గం శబ్దం వినాలని వచ్చినాను."

కంచిపట్టు గొప్పతనం ఏమిటో అక్కడ అర్థమవుతుంది. చీర ఒడలు ఒక రంగు, అంచులు వేరొక రంగు. రెండు అంచులకూ, ఒడలుకూ వేరు వేరు పేక కావాలి గనుక మూడు నాడెలు. ప్రతి వరుసకూ ఒడలు పేక అంచు పేకను పట్టుకొని మెలివేసి తిరిగి రావాలి. దీనిని వారు కోర్వై అంటారు. గద్వాల చీరలో ఇటువంటి పనినే మనవారు కుప్పడం అంటారు. చీర చినిగినా అతుకు విడదని పాతవారి మాట. ఇక కొంగు వేరే రంగు కావాలంటే పడుగు పోగులనే మార్చాలి. ఒక్కొక్క పాత పోగుకు ఒక్కొక్క కొత్త పోగును చేర్చి ముడిపెట్టాలి. వేలకు వేలు పోగులు. ఇది పెట్ని. కొంగు మొదలయ్యేచోట సన్నని గట్టులాగ కనబడేది ఆ గుర్తే.

పట్టుపోగు ఎక్కడిది? కర్ణాటకంలో రామనగరం పట్టుగూళ్ళ సంతకు పేరు. అక్కడా, ఆ చుట్టుప్రక్కలా తీసిన పట్టు ఇక్కడికి వస్తుంది. దానిని ఉడికించి జిగురు తీస్తే బరువులో ఐదవ వంతు, ఒక్కొక్కప్పుడు నాలుగవ వంతు పోతుంది. అప్పుడే మెత్తదనమూ, నిగనిగా వస్తాయి. జరీ సూరతు నుంచి. వెండితీగను వెంట్రుకకన్న సన్నగా లాగి, చదును చేసి, ఎర్రని పట్టుపోగుకు చుట్టి, దాని మీద బంగారు పూత పోస్తారు. ఒక్క చీరలో ఎన్ని ఊళ్ళు! రామనగరం పట్టు, సూరతు జరీ, కంచి చేయి, చెన్నపట్నం దీపం.

"ఈ కోకకు ఎన్ని దినాలురా?" అని అత్తగారు అడిగింది.

"ఇద్దరం కూచుంటే పదైదు దినాలు అత్తా. కరెంటు పోతే, వాన పడితే, ఇంకా నాలుగు."

"ఇది ఎవరిది?"

"యజమానిది. పడుగు ఆయనది, జరీ ఆయనది. నాది కూలి." కొంచెం ఆగి, "ఇది టీనగర్ పోతుంది. ఆర్డరు వచ్చేసింది" అన్నాడు.

కూలి ఎంతో అడిగాము. చెప్పాడు. ఆ అంకె ఇక్కడ అచ్చు వేయడం అతనికి ఇష్టం లేదు. రెండు దినాల క్రితం మేము గాజు వెనుక చూచిన ధరచీటీలో అది చిన్న భాగం అని మాత్రం వ్రాస్తున్నాము. అంగడివారి అద్దె, దీపాలు, వందల కుర్రవాండ్ర జీతాలు, వడ్డీ – అవన్నీ చీర మీదనే పడాలి గదా అని మా వారు లెక్క చెప్పారు. నిజమే. ఆ లెక్కలో నేతగాని పాలు పెరిగే దారి మాత్రం మాకు కనబడలేదు.

అతని కొడుకు ఒరగడంలో కార్ల సామాను చేసే కర్మాగారానికి పోతున్నాడు. నెల జీతం, సెలవు దినం, బస్సు ఉన్నాయి. "మగ్గం నేర్పలేదా?" అంటే, "నేర్పినాను ఒదినా. వాడికి కోర్వై వచ్చు. పెట్ని మాత్రం రాదు. ఇంక రాదు" అన్నాడు. ఫిర్యాదుగా అనలేదు. అబ్బాయికి పిల్లను ఇవ్వడానికి ఇప్పుడు నలుగురు వస్తున్నారని అతని భార్య సంతోషంగా చెప్పింది. మేము ఏమి అనగలము? తండ్రి వీపు నొప్పి చూచి పెరిగిన బిడ్డను మగ్గంలోనే ఉండమని చెప్పడానికి మనమెవరము?

ఇంకొక సంగతి. అతడు తెలుగు చదవలేడు; బడిలో చదివినది తమిళమే. అయితే పోగులు లెక్కపెట్టేటప్పుడు తెలుగులోనే లెక్కపెడుతున్నాడు. నాడె, పడుగు, పేక, కండె, పన్నె – అతని నోట ఒక్కటీ మారలేదు. మేము ఆ మాటే అంటే నవ్వాడు. "మగ్గంలో కూచుంటే తెలుగు, లేస్తే అరవం" అన్నాడు.

చూచి కొనడం ఎలాగ

మా అత్తగారూ, ఆమె మేనల్లుడూ చెప్పిన గుర్తులకు మేము విచారించి తెలుసుకున్నవి కలిపి ఇక్కడ ఇస్తున్నాము.

మొదట చీర తిరగేయాలి. ఒడలు, అంచు కలిసేచోట గోటితో గీచి చూడాలి. కోర్వై అయితే రెండు రంగులూ పండ్లు పండ్లుగా కరచుకొని ఉంటాయి; చేతికి తగులుతుంది. యంత్రపు చీరలో అది సాఫీగా పోతుంది. అయితే కోర్వై లేని చేనేత పట్టు కూడా ఉన్నది. అది మోసం కాదు. ధర మాత్రం తక్కువ ఉండాలి.

రెండవది జరీ. విడిగా వ్రేలాడే జరీపోగును గోటితో గీకితే లోపల ఎర్రని పట్టుపోగు కనబడాలి. ఇది ఒక్కటే చాలదు. నకిలీలో కూడా ఎర్రపోగు పెట్టే తెలివిమంతులు ఉన్నారు. గీటురాయి కొంత చెబుతుంది. అంతకన్న నమ్మకమైనది కిరణాలతో వెండి, బంగారం పాలు చూపే యంత్రం. పెద్ద అంగళ్ళలో కొన్నిచోట్ల ఉన్నది. అడిగితే చూపిస్తారు. అడగకపోతే ఎవరూ చూపించరు.

మూడవది పట్టు. ఒక పోగు లాగి కాలిస్తే వెంట్రుక కాలిన వాసన రావాలి. బూడిద వేళ్ళ మధ్య పొడి కావాలి. గట్టిగా ఉండ కడితే అది పట్టు కాదు.

నాలుగవది ముద్రలు. వీటిలో పలువురు పొరబడతారు. 2004లో వచ్చిన సిల్క్ మార్క్ ఉంటే పట్టు స్వచ్ఛమైనదని మాత్రమే అర్థం. చేతితో నేసినదని గాని, జరీ వెండిదని గాని అది చెప్పదు. చేతినేతకు 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్ వేరు. కాంచీపురం పట్టు అన్న పేరుకు 2005-06లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. అది వేరు. మూడూ మూడు మాటలు చెబుతాయి. కొన్ని రకాల చీరలు చేమగ్గానికే విడిచిపెట్టాలని 1985లో చట్టం కూడా చేశారు. చట్టం ఉన్నది, మరమగ్గపు నకళ్ళూ ఉన్నాయి.

ఐదవది, అన్నింటికన్న ముఖ్యమైనది బిల్లు. చేనేత, కోర్వై, జరీ రకం – మూడూ బిల్లు మీద వ్రాయించుకోవాలి. వ్రాసి ఇవ్వమన్నవారి దగ్గర కొనవద్దు. నోటిమాటకు ఆరు నెలల తరువాత విలువ ఉండదని మాకు తెలిసినది.

సహకార సంఘాలను మరువరాదు. 1935లో పుట్టిన కోఆప్టెక్స్‌వారి అంగళ్ళలో దీపాలు తక్కువ. అయితే ఆ సంస్థవారు పట్టుచీరతోపాటు దానిని నేసిన మనిషి పేరు, ఫోటో ఉన్న చీటీని పెట్టే మంచి పద్ధతి ప్రవేశపెట్టారు. అటువంటి చీటీ ఉన్న చీర ఒకటి మా వదినగారింట్లో ఉన్నది. ఆమె ఆ చీటీని చీర మడతలోనే దాచుకున్నది.

చివరకు ఏమి కొన్నాము

మేనల్లుని మగ్గం మీది చీర మాకు దొరకదు. అది అప్పటికే ఇంకొకరిది. అతడే మమ్మల్ని కంచిలో ఒక నేత సహకార సంఘానికి తీసుకొనిపోయాడు. గాజు లేదు; బొమ్మలు లేవు; గొట్టపు దీపం ఒకటి. అతడూ, అత్తగారూ కలిసి గంటన్నర సేపు చీరలు తిరగేశారు. చివరకు కుంకుమరంగు ఒడలు, ఆకుపచ్చ అంచు, ఒడలు మీద బుటాలు లేని సాదా చీర ఒకటి ఎంచారు. అంచులో రుద్రాక్ష వరుస ఒకటే. జరీ కొద్దిగానే ఉన్నది గాని, ఉన్నది వెండిది. నిరుడు పెద్దమ్మాయి చీరకు పోసిన ధరలో సగానికి కొంచెం ఎక్కువ అయినది. బిల్లు మీద అన్నీ వ్రాయించాము.

మా అమ్మాయి ముఖం కొంచెం చిన్నబోయినది. పాతికేండ్లు దాటని పిల్ల గదా! టీనగర్ దీపాల క్రింద చూచిన ఆ ఒళ్ళంతా బంగారపు చీర దాని కళ్ళలో ఉన్నది. అది గ్రహించి అత్తగారే అన్నది: "సాయంకాలపు విందుకు నీకు నచ్చినది కొనుక్కోవే అమ్మణ్ణీ. మెరవాలంటే మెరిసేదే కొను. పట్టు కాదని తెలిసి కొను, పట్టు ధర ఇవ్వవద్దు."

కనుక మరునాడు మళ్ళీ టీనగర్ వెళ్ళాము. రంగనాథన్ వీధిలో కిక్కిరిసిన జనంలో ఒత్తుకొంటూ పోయి, తళతళలాడే కృత్రిమపట్టు చీర ఒకటి చవకగా కొన్నాము. అమ్మాయికి అది మహా సంతోషం. మాకు కూడా. నిజం చెప్పాలంటే ఆ దీపాలు, ఆ సందడి, ఆ బొమ్మలు మాకు కూడా ఇష్టమే. ఇంటికి రాబోతూ పానగల్ పార్కు మూలన కాసేపు నిలబడి మళ్ళీ చూచాము. పండుగకు ఊరు వెలగాలి. ఎవరు వద్దంటారు?

ఇంకొక పని కూడా చేశాము. పెద్దమ్మాయికి జరిగిన నష్టం తీర్చలేము. అయితే మా చిన్నమ్మాయి పెండ్లికి వచ్చేటప్పుడు కట్టుకోవడానికి అదే సంఘంలో దానికీ ఒక చీర తెచ్చాము, సన్నని అంచుది. పెట్టెలో బిల్లు కూడా పెట్టాము. "మీ అత్తగారికి ఇది చూపించవచ్చు" అని చెప్పి ఇచ్చాము.

తై మాసంలో పెండ్లి. కంచి నుంచి మేనల్లుడూ, భార్యా వస్తామన్నారు. రెండు దినాలు మగ్గం ఆగుతుందే అని అత్తగారు అంటే, "ఆగనీ అత్తా, నీ మనుమరాలి కోక ఎవరు నేసినారో చూచి చెప్పాలి గదా" అన్నాడు. మా సంఘం పత్రికలో ఇది అచ్చయితే అతనికి చదివి వినిపించడం మా అత్తగారి వంతు.

సోదరీమణులారా! ఈ పండుగకు మీ మీ ఊళ్ళలో కూడా దీపాలు వెలుగుతాయి. బెంగుళూరు చిక్కపేటలోనైనా, బరంపురంలోనైనా, షోలాపురంలోనైనా అంగడికి వెళ్ళేటప్పుడు ఇంట్లోని పెద్దావిడను వెంట తీసుకొని వెళ్ళండి. ఆమె నడవలేకపోతే చీరలో ఏమి చూడాలో అడిగి తెలుసుకొని వెళ్ళండి. మీ ఇండ్లలో మగ్గపు మాటలు, నేత గుర్తులు ఎరిగిన పెద్దలు ఉంటే వారిచేత చెప్పించి, వ్రాసి పత్రికకు పంపండి. అందరికీ దీపావళి శుభాకాంక్షలు.